ఇంట్లో 45 నిమిషాల యోగాభ్యాసం: ఊపిరిని కొలతగా పెట్టుకుని ఎలా చేయాలి

యోగా కొత్తగా మొదలుపెట్టినవారు ఎక్కువగా చూసుకునేది ఒకటే: వంగితే చేతులు నేలకు అందుతున్నాయా లేదా అని. అందకపోతే నిరాశ. ఎలాగైనా అందించాలని బలవంతం. ఆ బలవంతానికి నడుం పట్టేయడం, పది రోజులు తిరక్కుండానే చాప చుట్టి మూలన పెట్టేయడం. కొలత తప్పుగా పెట్టుకోవడంతోనే ఈ తిప్పలన్నీ మొదలవుతాయి.

ఆసనంలో ఎంతదాకా వెళ్లాలో ఊపిరి చెబుతుంది. ముక్కుతో, చప్పుడు కాకుండా, నింపాదిగా ఊపిరి ఆడుతున్నంతవరకే ఆ రోజుకు మీ హద్దు. ఊపిరి బిగబట్టినా, నోరు తెరిచినా, పళ్లు బిగుసుకున్నా హద్దు దాటేశారని గుర్తు. అక్కణ్నుంచి రెండంగుళాలు వెనక్కి రండి. కదలకుండా, హాయిగా ఉండగలిగిందే ఆసనమని పతంజలి చెప్పింది కూడా ఇదే. కింద చెప్పినదంతా ఈ ఒక్క నియమం మీద నడుస్తుంది.

సమయం, చోటు, సామాను

పొద్దున్నే, కాలకృత్యాలు అయ్యాక, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చేయడం మేలు. గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు తాగి పావుగంట ఆగండి. పొద్దున కుదరకపోతే సాయంత్రం చేసుకోవచ్చు. భోజనం చేసి 4 గంటలు, టిఫిన్ తిని 2 గంటలు, కాఫీ టీలు తాగి అరగంట గడిచి ఉండాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అన్నం తిన్నవారికి సాయంత్రం ఐదున్నర తర్వాత అనువుగా ఉంటుంది. నిండు కడుపుతో ముందుకు వంగితే పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట వస్తాయి. మెలి తిరిగే ఆసనాల్లో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండరం) కిందికి దిగడానికి చోటు లేక ఊపిరి పైపైనే ఆడుతుంది.

షుగరుకు ఇన్సులిన్ గాని, షుగరును బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు ఈ ఖాళీ కడుపు నియమాన్ని గుడ్డిగా పట్టుకోవద్దు. ఏమి తిని, ఎంతసేపటికి మొదలుపెట్టాలో డాక్టరును అడగండి. గ్లూకోజు పొడో, చక్కెరో చేతికందేలా ఉంచుకోండి. మధ్యలో చెమటలు పట్టినా, చేతులు వణికినా వెంటనే ఆపి అది నోట్లో వేసుకోవాలి.

చాప 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. మరీ మందమైన మెత్తటి చాప మీద ఒంటికాలిపై నిలబడితే మడమ తూలుతుంది. జంపఖానా కూర్చుని, పడుకుని చేసేవాటికి బాగుంటుంది గాని, టైల్స్ మీద వేసి సూర్యనమస్కారాలు చేస్తే జారిపోతుంది. ఇంకా గట్టి దిండు ఒకటి, దుప్పట్లు రెండు, బెల్టులా వాడుకోవడానికి పాత చున్నీ లేదా కండువా, చేతులు లేని కుర్చీ ఒకటి, లావుపాటి పుస్తకాలు రెండు దగ్గర పెట్టుకోండి. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ బల్లలు, దిమ్మెలు, బెల్టులు, దుప్పట్లను ఆసనాల్లోకి తెచ్చినందువల్లే బిగుసుకుపోయిన ఒళ్లున్నవారికీ, పెద్దవయసువారికీ యోగా అందుబాటులోకి వచ్చింది. అందని నేలను పుస్తకాల సాయంతో పైకి తెచ్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఫ్యాను గాలి నెమ్మదిగా ఉండాలి. ఏసీ గాలి నేరుగా ఒంటిమీద పడకూడదు. చెమట పట్టిన కండరం మీద చల్లగాలి పడితే పట్టేస్తుంది.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు), హెర్నియా, మూర్ఛ ఉన్నవారు, డిస్కు జారి నొప్పి కాలిలోకి దిగుతున్నవారు, ఎముకలు గుల్లబారినవారు, ఇటీవల పొట్టకు ఆపరేషన్ అయినవారు. ప్రతి నిషేధానికీ ఒక కారణం ఉంది. తల గుండెకన్నా కిందికి వెళ్లినప్పుడు కంటిలో ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి గ్లకోమా ఉన్నవారికి సూర్యనమస్కారంలో వచ్చే పర్వతాసనం, పాదహస్తాసనం రెండూ పనికిరావు. ఎముకలు గుల్లబారినప్పుడు వీపు గూనిగా వంచితే వెన్నుపూసల ముందుభాగం మీద బరువు పడి, పూస నలిగిపోయే ప్రమాదం ఉంటుంది. గర్భిణులకు బోర్లా పడుకోవడం, పొట్ట నొక్కుకునేలా మెలి తిరగడం, ఊపిరి బిగబట్టడం, కపాలభాతి (పొట్ట లోపలికి కొడుతూ ఊపిరిని వేగంగా బయటికి వదలడం) ఏవీ కూడవు. వారికి ఈ మార్గదర్శి చాలదు, గర్భిణులకు నేర్పడంలో అనుభవమున్న గురువు దగ్గరే చేయాలి.

యోగా మొదలుపెట్టామని బీపీ, షుగర్, థైరాయిడ్, మానసిక సమస్యల మందులు సొంతంగా మానేయకండి. కొన్ని నెలల అభ్యాసంతో రీడింగులు మెరుగైతే మోతాదు తగ్గించేది డాక్టరే.

మొదటి పాఠం: పడుకుని ఊపిరి తీయడం

తొలివారం ఆసనాలకన్నా ముందు ఇది వంటబట్టాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. కుడిచేయి బొడ్డు మీద, ఎడమచేయి ఎదురొమ్ము మీద పెట్టుకోండి. ముక్కుతో ఊపిరి పీల్చినప్పుడు బొడ్డు మీది చేయి లేవాలి, ఎదురొమ్ము మీది చేయి దాదాపు కదలకూడదు. వదిలినప్పుడు బొడ్డు దానంతటదే దిగుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. పొట్ట కండరాలతో పొట్టను కావాలని బయటికి ఉబ్బించడం. ఊపిరితో పని లేకుండానే పొట్టను ఉబ్బించగలం కాబట్టి చూడ్డానికి సరిగ్గానే చేస్తున్నట్టు ఉంటుంది. తేడా తెలియాలంటే చేతిని బొడ్డు మీద నుంచి తీసి, రెండు చేతులూ కింది పక్కటెముకలకు రెండువైపులా ఆనించండి. డయాఫ్రం నిజంగా దిగితే పక్కటెముకలు కూడా పక్కలకు విచ్చుకుంటాయి. పొట్టను నెట్టడం మాత్రమే జరిగితే అవి కదలవు.

మనసులో లెక్కపెడుతూ 4 అంకెలు లోపలికి, 4 అంకెలు బయటికి. నాలుగైదు రోజులకు బయటికి వదిలేది 6 అంకెలకు పెంచండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే దీని పని వేళ్లకే తెలుస్తుంది. పీలుస్తున్నప్పుడు నాడి కాస్త వేగంగా కొట్టుకుంటుంది, వదులుతున్నప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గించే పని ప్రధానంగా ఊపిరి వదిలేటప్పుడే జరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది కాబట్టి అందరికీ స్పష్టంగా తెలియకపోవచ్చు. కంగారుగా ఉన్నప్పుడు "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని చెబుతుంటారు గాని, అసలు మేలు నింపాదిగా వదలడంలోనే ఉంది.

కీళ్లు వదులు చేయడం

దీనికి 4 నిమిషాలు చాలు, కానీ ఎగ్గొట్టకూడదు. ముఖ్యంగా చలికాలంలోనూ, నలభై దాటినవారూ. మెడను పక్కలకు, ముందుకు నెమ్మదిగా 5 సార్లు వంచండి. గుండ్రంగా తిప్పొద్దు, వెనక్కి తిప్పేటప్పుడు మెడ పూసలు నొక్కుకుంటాయి. భుజాలు వెనక్కి 10 సార్లు, మణికట్లు రెండువైపులా 10 సార్లు, నడుం పక్కలకు 5 సార్లు, మోకాళ్లు మడిచి చాచడం 10 సార్లు, చీలమండలు తిప్పడం 10 సార్లు. కంప్యూటరు ముందు పనిచేసేవారు మణికట్ల మీద కాస్త ఎక్కువసేపు పెట్టండి. సూర్యనమస్కారాల్లో తరచూ వినిపించే ఫిర్యాదుల్లో మణికట్టు నొప్పి ఒకటి.

సూర్యనమస్కారం: 12 స్థితులు

మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధిపతి భవన్‌రావ్ పంత్ ప్రతినిధి 1920లలో సూర్యనమస్కారాలను వ్యాయామంగా బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు ఒక్కో సంప్రదాయంలో వరస ఒక్కోలా ఉంటుంది. 5వ స్థితిలో కొందరు ఒళ్లంతా పలకలా నిటారుగా ఉంచుతారు, కొందరు పర్వతాసనం వేస్తారు. కింద చెప్పింది పర్వతాసనంతో నడిచే వరస. ఏ వరసైనా ఫర్వాలేదు గాని, రోజుకొకటి మార్చొద్దు. ఊపిరి లెక్క కుదరదు.

1. ప్రణామాసనం. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడండి. నడుం నొప్పి ఉంటే జానెడు ఎడం ఉంచండి. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు మూడింటి మీదా బరువు సమానంగా ఉండాలి. చేతులు జోడించి ఊపిరి పూర్తిగా వదలండి.

2. హస్త ఉత్తానాసనం. పీలుస్తూ చేతులు పైకెత్తండి. పిరుదులు బిగించి ఎదురొమ్మును ఆకాశం వైపు ఎత్తితే వీపు పైభాగం వంగుతుంది. అది చాలు. నడుం దగ్గర విరిచినట్టు వంగితే కింది రెండు పూసల మీదే ఒత్తిడంతా పడుతుంది. నడుం నొప్పి ఉన్నవారు చేతులు నిటారుగా ఎత్తి అక్కడితో ఆగాలి.

3. పాదహస్తాసనం. వదులుతూ ముందుకు వంగండి. దీని గురించి కింద విడిగా చెప్పాం.

4. అశ్వసంచలనాసనం. పీలుస్తూ కుడికాలు వీలైనంత వెనక్కి పెట్టి మోకాలు నేలకు ఆనించండి. ఎడమ మోకాలు ఎడమ చీలమండకు నేరుగా పైన ఉండాలి. మునివేళ్లు దాటి ముందుకు పోతే మోకాటి చిప్ప మీద భారం పడుతుంది. కుడి మోకాలి కింద మడిచిన దుప్పటి వేసుకోవచ్చు.

5. పర్వతాసనం. వదులుతూ ఎడమకాలు కూడా వెనక్కి తెచ్చి నడుం పైకెత్తండి. మడమలు నేలకు ఆనకపోయినా ఫర్వాలేదు. వీపు నిటారుగా ఉండటం ముఖ్యం. వీపు గూనిగా అవుతుంటే మోకాళ్లు కొద్దిగా మడవండి. చేతివేళ్లు బాగా విప్పి, చూపుడువేలి మొదలును, బొటనవేలి మొదలును నేలకు నొక్కిపట్టాలి. బరువంతా మణికట్టు వెనక అంచు మీద పడకుండా అరచేయి అంతా పంచుకుంటుంది.

6. అష్టాంగ నమస్కారం. మోకాళ్లు, ఎదురొమ్ము, గడ్డం నేలకు ఆనించండి. పాదాలు, అరచేతులతో కలిపి మొత్తం ఎనిమిది అంగాలు. పిరుదులు కొద్దిగా పైకే ఉంటాయి. ఇక్కడ ఊపిరి బయటే ఆపాలని నియమం ఉంది, కానీ మొదటి రెండు నెలలూ అది అక్కర్లేదు. మామూలుగా ఊపిరి తీసుకుంటూ దిగండి. ఎదురొమ్ము ధబాలున పడిపోతుంటే చేతుల్లో ఇంకా బలం రాలేదని అర్థం. అప్పటిదాకా మోకాళ్ల మీద నుంచి నేరుగా బోర్లా పడుకోండి.

7. భుజంగాసనం. పీలుస్తూ తల, ఎదురొమ్ము ఎత్తండి. బొడ్డు నేలకే ఆని ఉండాలి, మోచేతులు కొద్దిగా మడిచి పక్కటెముకలకు దగ్గరగా ఉంచాలి. భుజాలు చెవుల దాకా లేస్తే చేతులతో నెట్టేస్తున్నారన్నమాట. ఒకసారి అరచేతులు నేల మీదినుంచి అంగుళం ఎత్తి చూడండి. అప్పుడు ఎదురొమ్ము ఎంత ఎత్తున నిలుస్తుందో అంతే మీ వీపు బలం.

8. పర్వతాసనం. వదులుతూ.

9. అశ్వసంచలనాసనం. పీలుస్తూ, వెనక్కి వెళ్లిన కుడికాలినే చేతుల మధ్యకు తెండి. పాదం సగంలోనే ఆగిపోవడం మామూలే. ముందు ఎడమ మోకాలు నేలకు ఆనించి, చేత్తో చీలమండ పట్టి పాదాన్ని ముందుకు జరపండి. ఊపుతో లాగితే గజ్జల్లో కండరం పడుతుంది.

10, 11, 12. వదులుతూ పాదహస్తాసనం, పీలుస్తూ హస్త ఉత్తానాసనం, వదులుతూ ప్రణామాసనం.

ఇదే మళ్లీ ఎడమకాలితో చేస్తే ఒక ఆవృత్తి పూర్తయినట్టు. ఒక్కో స్థితికి ఒక ఊపిరి కదలిక, 4 సెకన్లు. ఆవృత్తికి ఇంచుమించు నిమిషంన్నర పడుతుంది. 6 ఆవృత్తులకు 10 నిమిషాలు. మంత్రంతో చేసేవారు "ఓం మిత్రాయ నమః" నుంచి "ఓం భాస్కరాయ నమః" వరకు పన్నెండు నామాల్లో ఒక్కోదాన్ని ఒక్కో నమస్కారానికి ముందు నిలబడి చెప్పుకుంటారు. ఆ కాస్త ఆగడంలో ఊపిరి కుదుటపడుతుంది కాబట్టి, భక్తి ఉన్నా లేకపోయినా ఆ విరామం మాత్రం వదులుకోవద్దు.

రథసప్తమికి 108 నమస్కారాలు చేయించే చోట్లు చాలా ఉన్నాయి. రోజూ 20, 30 చేసే అలవాటున్నవారికి అది పండగ. ఏడాదంతా ఒక్కటీ చేయకుండా ఆ పొద్దున వెళ్లి 108 చేసేవారికి మాత్రం తర్వాత మూడు రోజులు మెట్లు దిగడం నరకం. అంతకన్నా పెద్ద నష్టం, యోగా అంటేనే భయం పుట్టడం. మీ వల్ల 12 అయితే 12 చేసి పక్కన కూర్చోండి.

ముందుకు వంగడం ఎక్కడినుంచి?

నడుం నొప్పులకు ఎక్కువగా ఇక్కడే బీజం పడుతుంది కాబట్టి, ఒక రోజంతా దీనికే పెట్టినా తప్పులేదు. నిలబడి రెండు చేతుల వేళ్లనూ తొడ, పొత్తికడుపు కలిసే మడత మీద పెట్టండి. మోకాళ్లు కొద్దిగా మడిచి, పిరుదుల్ని వెనక్కి తోస్తూ ముందుకు వంగండి. వేళ్లు ఆ మడతలో నలుగుతుంటే వంపు తుంటి కీలు నుంచి వస్తోంది. అదే కావాలి. వేళ్లకు ఏమీ తగలకుండా వీపు మాత్రం గూనిగా అయిందంటే వంపు నడుం పూసల నుంచి వస్తోంది.

రోజంతా కుర్చీలో కూర్చునేవారికి తొడ వెనక కండరాలు పొట్టిబడి ఉంటాయి. అవి కటి ఎముకను కిందికి లాగి పట్టుకోవడం వల్ల తుంటి దగ్గర కొంతే వంగి, మిగతాది నడుం మీద పడుతుంది. మోకాళ్లు మడిస్తే ఆ కండరాలు వదులై తుంటికి దారి దొరుకుతుంది. కాబట్టి మోకాళ్లు నిటారుగా ఉంచాలనే పట్టుదల వదిలేయండి. పొట్ట తొడలకు ఆని ఉండటం, వీపు పొడవుగా ఉండటం ముందు. మోకాళ్లు నెలలమీద వాటంతటవే నిటారవుతాయి. చేతులు అందకపోతే పాదాల ముందు పుస్తకాలు పెట్టి వాటి మీద ఆనించండి, లేదా కుర్చీ పట్టుకోండి. లేచేటప్పుడు మోకాళ్లు మడిచే లేవాలి. బీపీ తక్కువగా ఉన్నవారు గబుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి.

సూర్యనమస్కారంలో లేనివి

ముందుకు, వెనక్కి వంగడం ఇందులో పుష్కలంగా ఉంది. పక్కకు వంగడం, మెలి తిరగడం, ఒంటికాలి నిలకడ లేవు. అందుకని మరో మూడు ఆసనాలు, పైన ఒక విశ్రాంతి ఆసనం చేర్చుకోవాలి.

త్రికోణాసనానికి కాళ్లు మూడడుగుల ఎడం పెట్టి, కుడిపాదం బయటికి తిప్పి, చేతులు భుజాల ఎత్తున చాచి కుడివైపు వంగండి. కుడిచేయి నేలకు చేర్చాలని చూస్తే ఒళ్లు ముందుకు పడిపోతుంది. గోడకు వీపు ఆనించి చేస్తే రెండు భుజాలూ గోడను తాకుతున్నాయో లేదో తెలిసిపోతుంది. చేయి మోకాలి కింద, పిక్క మీద ఉన్నా చాలు, చిప్ప మీద మాత్రం పెట్టొద్దు. ఒక్కో వైపు 5 ఊపిర్లు.

వృక్షాసనంలో పైకెత్తిన పాదాన్ని తొడకో, పిక్కకో ఆనించాలి. మోకాలి పక్కన ఆనిస్తే కీలు పక్కకు నొక్కుకుంటుంది. ఎదురుగా కదలని వస్తువు ఒకదాన్ని చూస్తూ ఉండండి. పెద్దవయసువారు గోడకు జానెడు దూరంలో నిలబడి ఒక వేలు ఆనించుకోవచ్చు. పెద్దవారు కిందపడకుండా కాపాడేది ఈ నిలకడే, కాబట్టి చేతులు పైకెత్తగలిగినా లేకపోయినా ఈ ఆసనాన్ని మానవద్దు.

వక్రాసనానికి కాళ్లు చాచి కూర్చుని, కుడిమోకాలు మడిచి కుడిపాదాన్ని ఎడమ మోకాలి పక్కన పెట్టండి. కుడిచేయి వెనక నేలకు ఆనించి, ఎడమ మోచేత్తో కుడిమోకాలిని దగ్గరికి పట్టండి. పీలుస్తూ వెన్ను పొడవు చేయాలి, వదులుతూ తిరగాలి. ముందు పొట్ట, తర్వాత ఛాతీ, చివర్న మెడ. మెడతో మొదలుపెట్టినవారికి వీపు తిరగనే తిరగదు, మెడ మాత్రం పడుతుంది. కూర్చున్నప్పుడు నడుం వెనక్కి వాలిపోతుంటే మడిచిన దుప్పటి మీద కూర్చోండి.

చివరగా విపరీతకరణిని గోడ సాయంతో చేయండి. పిరుదులు గోడకు జానెడు దూరంలో ఉంచి వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు ఆనించడమే. 3 నిమిషాలు. రోజంతా నిలబడి పనిచేసేవారికి పాదాల వాపు, పిక్కల లాగుడు తగ్గుతాయి. గ్లకోమా ఉన్నవారు దీని బదులు కాళ్లు కుర్చీ మీద పెట్టుకుని పడుకోండి.

శవాసనం

టైం లేదని ముందుగా కోతపెట్టేది దీన్నే. నిజానికి ఆసనాల ఫలితం ఒంటబట్టేది ఇక్కడే. కాళ్లు అడుగున్నర ఎడం, చేతులు ఒంటికి అడుగు దూరంలో, అరచేతులు పైకి. గడ్డం కప్పు వైపు లేచి ఉంటే తల కింద మడిచిన తువ్వాలు పెట్టండి. నడుం నేలకు ఆనక లాగుతుంటే మోకాళ్ల కింద దిండు పెట్టండి. ఒంట్లో వేడి తగ్గి చలేస్తుంది కాబట్టి పైన దుప్పటి కప్పుకోండి. దోమలున్న ఇంట్లో ఈ దుప్పటి లేకపోతే శవాసనం అసాధ్యం.

కుడిపాదం వేళ్ల నుంచి మొదలుపెట్టి పిక్క, మోకాలు, తొడ, ఆ తర్వాత ఎడమకాలు, పొట్ట, వీపు, చేతులు, మెడ, ముఖం వరకు ఒక్కోచోట ఒక్కో ఊపిరి వదులుతూ వెళ్లండి. దవడ దగ్గర, కనుబొమల మధ్య, నాలుక దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఒళ్లంతా వదిలేశామనుకున్నా నాలుక అంగిలికి అతుక్కునే ఉంటుంది. 6 నిమిషాల తర్వాత కుడిపక్కకు ఒత్తిగిలి, చేత్తో నేలను నెడుతూ లేవండి. రోజూ నిద్రపోతుంటే మీకు రాత్రి నిద్ర చాలడం లేదని అర్థం. అభ్యాసాన్ని తప్పుపట్టకుండా గంట ముందు పడుకోండి.

నాడీశోధన, భ్రామరి

మఠం వేసుకుని కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటికన్నా పైకి లేచి ఉంటే, మోకాళ్లు దిగేదాకా పిరుదుల కింద దుప్పట్లు మడిచి పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలోనే, వీపు ఆనించకుండా, పాదాలు నేలకు ఆనించి కూర్చోవచ్చు. ప్రాణాయామానికి కావాల్సింది నిటారైన వెన్ను, పద్మాసనం కాదు.

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు అరచేతిలోకి మడవండి. బొటనవేలు కుడి ముక్కుకు, ఉంగరం వేలు ఎడమ ముక్కుకు. కుడి ముక్కు మూసి ఎడమతో పీల్చండి. ఎడమ మూసి కుడితో వదలండి. కుడితోనే పీల్చి, ఎడమతో వదలండి. ఇది ఒక చుట్టు. 9 చుట్లు చేయండి. మొదటి నెల 4 అంకెలు లోపలికి, 4 బయటికి. రెండో నెల 4, 6. అది తేలికైతే 4, 8. ఊపిరి లోపల ఆపడం (కుంభకం) గురువు దగ్గర నేర్చుకోవలసిందే, ఇంట్లో చూసి చేసేది కాదు.

లెక్క పెంచాలో లేదో తెలుసుకునే గుర్తు ఇదీ: వదలడం పూర్తయ్యాక తర్వాతి ఊపిరి గబుక్కున గుటకవేసినట్టు లోపలికి వస్తే లెక్క ఎక్కువైంది, రెండు అంకెలు తగ్గించండి. వేలితో ముక్కును గట్టిగా నొక్కితే మధ్యగోడ వంగి రెండోవైపు దారి కూడా ఇరుకవుతుంది. మెత్తగా ఆనిస్తే చాలు. చేయి నొప్పెడితే మోచేతిని ఒంటికి ఆనించండి, కానీ తల దించొద్దు. జలుబు చేసి ఒక ముక్కు పూర్తిగా మూసుకుపోయిన రోజు దీన్ని వదిలేసి భ్రామరి మాత్రం చేయండి.

భ్రామరికి చెవి రంధ్రం ముందుండే చిన్న రెక్కను చూపుడువేళ్లతో మూయండి. వేలు రంధ్రంలో దూర్చొద్దు. పెదవులు కలిపి, పళ్లు కాస్త విడిగా ఉంచి, ఊపిరి వదులుతూ తుమ్మెదలా సన్నగా "మ్..." అని నాదం చేయండి. గొంతు నొక్కి చేస్తే కంపం గొంతులోనే ఆగిపోతుంది. స్వరం కాస్త మార్చి చూస్తే ఒకచోట పై పళ్లు, నుదురు కూడా అదురుతాయి. మీ స్వరం అదే. 7 సార్లు చాలు.

కపాలభాతి విషయంలో ఒక హెచ్చరిక అవసరం. రోజుకు వందలసార్లు చేస్తే అన్ని జబ్బులూ పోతాయని నమ్మి చేసేవారు చాలామంది ఉన్నారు. కొత్తవారికి సెకనుకు ఒకటి చొప్పున 20, మధ్యలో నిమిషం విశ్రాంతి, మొత్తం 3 విడతలు చాలు. పొట్ట లోపలికి కొట్టినప్పుడు ఊపిరి బయటికి వెళ్లాలి, పీల్చడం దానంతటదే జరగాలి. తల తిరిగినా, మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి పట్టినా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గిపోయిందన్నమాట, వెంటనే ఆపాలి. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ, గర్భం ఉన్నవారు, నెలసరిలో ఉన్నవారు చేయకూడదు.

మనసు కోసం చివరి అయిదు నిమిషాలు

అలాగే కూర్చుని, వదిలే ఊపిరిని 1 నుంచి 10 వరకు లెక్కపెట్టండి. లెక్క తప్పితే మళ్లీ 1. చాలా రోజుల వరకు 4 దాటదు, మధ్యలో కరెంటు బిల్లో, ఆఫీసు గొడవో వచ్చి కూర్చుంటుంది. లెక్క తప్పిందని తెలుసుకుని 1కి రావడమే ఇక్కడ చేసే పని, ఆలోచనలు రాకుండా చేయడం లక్ష్యం కాదు.

ఆందోళన ఎక్కువగా ఉండేవారిలో కొందరికి కళ్లు మూసి ఊపిరిని గమనిస్తే గుండెదడ పెరుగుతుంది. ఊపిరి మీదే భయం మొదలవుతుంది. అలాంటివారు కళ్లు సగం తెరిచి, నేల మీద ఒక చోట చూపు నిలిపి, అరికాళ్లకు నేల తగలడాన్ని గమనించండి. లెక్కలు వద్దు, బిగబట్టడాలు వద్దు. నిద్ర పట్టనివారు పడుకునే ముందు విపరీతకరణి 5 నిమిషాలు, భ్రామరి 5 సార్లు చేయొచ్చు. సూర్యనమస్కారాలు, కపాలభాతి రాత్రిపూట వద్దు, అవి నిద్రను చెడగొడతాయి. వారాల తరబడి దిగులు, ఆకలి లేకపోవడం, బతకాలని లేకపోవడం ఉంటే మానసిక వైద్యులను కలవాలి. చికిత్సకు యోగా తోడు మాత్రమే. బతకాలని లేదన్న ఆలోచనలుంటే ఆలస్యం చేయకుండా ఇంట్లోవారికి చెప్పి, ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి.

నిమిషాల లెక్క, వారాల లెక్క

ఊపిరి 3, కీళ్లు 4, సూర్యనమస్కారాలు 10, మిగతా ఆసనాలు 9, శవాసనం 6, నాడీశోధన 6, భ్రామరి 2, ధ్యానం 5. అన్నీ కలిపి 45 నిమిషాలు. జూన్ 21 యోగా దినోత్సవానికి ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారుచేసిన ఉమ్మడి అభ్యాసక్రమం కూడా 45 నిమిషాలదే.

మొదటివారం ఊపిరి, కీళ్లు, శవాసనం మాత్రమే, 15 నిమిషాలు. రెండోవారం సూర్యనమస్కారాలు రెండు ఆవృత్తులు, ఒక్కో స్థితిలో రెండు మూడు ఊపిర్లు ఆగుతూ. మూడు, నాలుగు వారాల్లో నాలుగు ఆవృత్తులు, త్రికోణం, వక్రం, భ్రామరి. అయిదోవారం నుంచి నాడీశోధన, ధ్యానం కలిపి పూర్తి క్రమం. వారానికి 5, 6 రోజులు చేయండి. పనుల ఒత్తిడి ఉన్న రోజు మానేయకుండా 3 ఆవృత్తులు, 5 నిమిషాల శవాసనం, 5 నిమిషాల నాడీశోధన చేసుకోండి.

నొప్పుల్లో తేడా తెలియాలి. కండరం మధ్యలో లాగుడులా ఉండి, ఆసనం వదలగానే తగ్గితే మంచిదే. కీలు దగ్గర పొడిచినట్టున్నా, కరెంటు షాకులా కాలిలోకో చేతిలోకో పాకినా, మర్నాడు పొద్దునకు పెరిగినా ఆ ఆసనం మానేసి చూపించుకోండి. గుండెలో బరువు, ఎడమచేతి లాగుడు, చల్లటి చెమటలు వస్తే అది గ్యాసని ఇంట్లో కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

జ్వరం ఉన్న రోజుల్లో ఆసనాలు వద్దు. తగ్గాక రెండు రోజులు ఊపిరి, శవాసనంతో గడిపి, మూడో రోజు సగం ఆవృత్తులతో మళ్లీ మొదలుపెట్టండి. డెంగీ, చికున్‌గున్యా తర్వాత కీళ్ల నొప్పులు వారాలపాటు ఉంటాయి కాబట్టి, అవి పూర్తిగా పోయేదాకా మణికట్ల మీద బరువు పెట్టే పర్వతాసనం, భుజంగాసనం ఆపి, నమస్కారాలను కుర్చీ పట్టుకుని చేయండి.